గోడ అవతల వినబడిన వరద

టీవీ ఛానల్లో పనిచేసి రిటైరయ్యానని చెబితే మా ఆదోనిలో ఎవరైనా మొదట అడిగేది, ఏ సీరియల్లో వేశావమ్మా అని. నేను ఎందులోనూ వెయ్యలేదు. టీవీ చూసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, మీరు చూసింది ఎట్లా ఉంది అని అడగడం నా పని. వాళ్ళు చెప్పింది విని హైదరాబాదులోని మా ఆఫీసుకు చేరవెయ్యాలి. చేరిన నాటి నుంచి దిగిపోయేదాకా ఇదే చేశాను. ఆదోని, ఎమ్మిగనూరు, వాటి చుట్టూ ఉన్న మండలాలు నా కింద ఉండేవి. బస్సులోనో ఆటోలోనో పోవడం, ఎవరింటి అరుగు మీదో కూర్చోవడం, వాళ్ళిచ్చిన నీళ్ళు తాగి మాట కలపడం.

ఈమధ్య ఈ పనిలో చేరిన అమ్మాయిలు కొందరు ఫోన్ చేసి సలహాలు అడుగుతున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. పని ఎట్లా చెయ్యాలో చెప్పే పుస్తకాలు ఆఫీసువాళ్ళే ఇస్తారు. అవి చదవండి, మంచివే. నేను చెప్పబోయేది వాటిలో ఇమడని ఒక సంగతి. నిజానికి అది నాకూ ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని మాకెందుకు చెబుతున్నావు అంటారేమో. నా ఉద్యోగంలో చాలా భాగం అయోమయంలోనే గడిచింది. మీదీ అంతే అవుతుంది. ముందే తెలిసి ఉంటే కొంత నయం.

ఒక్క సలహా మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను. కార్యక్రమం ఎట్లా ఉంది అని మొదటే అడగకండి. అది వచ్చేటప్పుడు మీరేం చేస్తున్నారు అని అడగండి. బాగుంది, బాగలేదు అనేవి జనం ఎదుటి మనిషి మొహం చూసి చెప్పే మాటలు. ఆ పూట తాము ఏం చేస్తున్నదీ మాత్రం ఉన్నదున్నట్టు చెబుతారు.

అట్ట ఆనకట్ట

నేను ఇంకా ఉద్యోగంలో ఉండగానే, చివరి రోజుల్లో, మా ఛానల్ సొంతంగా ఒక సినిమా తీసింది. థియేటర్లకు కాదు, నేరుగా టీవీలో వెయ్యడానికి. ఎగువన ఆనకట్ట తెగుతుంది, నది పొంగుతుంది, ఊళ్ళు మునుగుతాయి, ఒక కుర్ర కలెక్టరు జనాన్ని కాపాడతాడు. కథ పెద్దది, పెట్టుబడి చిన్నది. ఆనకట్టను అట్టతో చేశారని చూడగానే తెలిసిపోతుంది. అది తెగినప్పుడు వచ్చే నీళ్ళలో ఒక్కో బుడగ ఒక్కో ఇల్లంత ఉంటుంది. కలెక్టరు ఆఫీసు గోడకూ ఆసుపత్రి గోడకూ ఒకటే క్యాలెండరు. ఒకే గేదె మూడు ఊళ్ళలో కొట్టుకుపోతుంది.

ఒక్కటి మాత్రం అసలులాగే ఉంది. సినిమా నడుమ వార్తలు వస్తాయి. రోజూ మా ఛానల్లో వార్తలు చదివే ఆవిడనే, అదే బల్ల ముందు, అదే సంగీతంతో కూర్చోబెట్టారు. గేట్లన్నీ ఎత్తేశారని, తుంగభద్ర ఒడ్డున ఉన్న గ్రామాలవాళ్ళు ఉన్నపళంగా మెరక ప్రాంతాలకు వెళ్ళిపోవాలని ఆవిడ మామూలుగా చదివే గొంతుతోనే చదివింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా వేశారు. మర్నాడే మా పై అధికారి శ్రీధర్ సార్ ఫోన్ చేశారు. ఆయన మంచి మనిషి. ఈ పని నాకు నేర్పింది ఆయనే. ఆయనతో ఒకటే ఇబ్బంది, దేనికైనా ఒక్క ముక్కలో జవాబు కావాలి. సినిమాను అందరూ తిడుతున్నారని, అయినా ఎవరూ ఛానల్ మార్చలేదని చెప్పి, అసలు బాగుందా బాగలేదా తేల్చి చెప్పమన్నారు.

తేలని జవాబులు

మొదట ఆదోనిలో మార్కెట్ యార్డుకు వెళ్ళాను. ఉరుకుందప్ప అని ఒక హమాలీ పత్తి బస్తాల మధ్య కూర్చుని దొరికాడు. ఇంత దరిద్రమైన సినిమా పుట్టి బుద్ధెరిగి చూడలేదన్నాడు. కానీ మొదటి నుంచి చివరిదాకా ఒక్క సీను వదలకుండా చెప్పుకొచ్చాడు. అంత బాగలేనప్పుడు ఎందుకు చూశావని అడిగాను. వాళ్ళ నాన్నకు పక్షవాతం వచ్చి మంచాన ఉన్నాడట. ఆ గేదె మూడోసారి కొట్టుకుపోతున్నప్పుడు ముసలాయన పైకి నవ్వాడట. మాట పడిపోయాక ఆయన గొంతులోంచి శబ్దం రావడం అదే మొదలట.

"మళ్ళా ఎప్పుడేస్తారక్కా?" అన్నాడు ఉరుకుందప్ప.

"బాగుందని రాసుకోనా?"

"థూ, యాడ బాగుంది. బాగలేదనే రాసుకో. మళ్ళా ఏస్తే మాత్రం ముందుగానే సెప్పు."

ఆస్పరి వైపు ఆ ఏడు వానలు లేవు. శనగ చెట్లు మోకాలెత్తు కూడా లేవకుండానే ఎండిపోయాయి. అక్కడ ఒక ముసలావిడ, చావులు చూడలేకపోయామని, నీళ్ళు మాత్రం చాలా బాగున్నాయని చెప్పింది. అంత నీళ్ళు ఏ ఊళ్ళో తీశారని అడిగింది. అది ఊరు కాదవ్వా, తొట్టిలో నీళ్ళు పోసి తీశారు అన్నాను. తొట్టి అయితేనేమి, నిండా ఉంది కదా అంది. ఆమె ఎగతాళి చేస్తోందో, నిజంగానే అంటోందో నాకు తెలియలేదు.

ఎమ్మిగనూరులో చంద్రశేఖర్ అని ఒక నేతగాడు. గుంట మగ్గంలో కూర్చుంటే అతనికి టీవీ వీపు వెనక ఉంటుంది. అతను సినిమా చూడలేదు, విన్నాడు. వినే కొద్దీ ఒళ్ళంతా చెమటలు పట్టాయట. వెనక పిల్లలు పకపకా నవ్వుతుంటే వీళ్ళకేమైనా పిచ్చెక్కిందా అనుకున్నాడట. ఇక ఉండలేక మగ్గం ఆపి వెనక్కి తిరిగి చూస్తే అట్ట ఆనకట్ట కనిపించింది. తనూ నవ్వాడు. తిరిగి చూడకుండా ఉంటే బాగుండేదని మాత్రం నాతో రెండుసార్లు అన్నాడు.

బాగలేదు గానీ మళ్ళీ కావాలి. చావులు వద్దు గానీ నీళ్ళు బాగున్నాయి. చూస్తే నవ్వు, వింటే భయం. శ్రీధర్ సార్ అడిగిన ఒక్క ముక్క నాకు ఎక్కడా దొరకలేదు. జనానికి తెలియక ఇట్లా చెబుతున్నారని ఆఫీసులో కొందరు అంటుంటారు. నేనది ఒప్పుకోను. వాళ్ళకు తెలిసిందే చెప్పారు. మేం అడిగిన ప్రశ్న చిన్నది.

ఏటి ఒడ్డు వీధి

నందవరం మండలంలో ఏటి పక్కనున్న ఒక ఊరు మిగిలింది. కొన్నేళ్ళ కిందట నిజం వరద చూసిన ఊరది. పేరు చెప్పను, అక్కడివాళ్ళకు ఇష్టముండదు. ఊళ్ళో అడుగుపెట్టగానే టీ అంగడిలో చెప్పారు. ఆ ఆదివారం మధ్యాహ్నం చర్చి వీధి వీధంతా నీళ్ళొస్తున్నాయని పరుగెత్తి మెట్ట ఎక్కిందట. ఎక్కి చూస్తే ఏరు మామూలుగానే పారుతోంది. హుసేనమ్మ అని ఒక ముసలామె పరుగులో జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇదంతా దేవదానం వల్లే అని చెప్పి నవ్వారు.

దేవదానం అరవై దాటిన రైతు, ఇప్పుడు ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ఆయన ఇంటికి వెళితే, కూర్చోమని మంచం వాల్చాడు గానీ సినిమా మాట ఎత్తనివ్వలేదు.

"ఆ సంగతి ఒద్దు తల్లీ. ఊరంతా నన్ను చూసి నవ్వుతాంది. దాన్ని మళ్ళా ఎయ్యొద్దని మీవోళ్ళకు సెప్పు."

పక్క ఇల్లు ఆయన తమ్ముడు యాకోబుది. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. యాకోబు బెంగళూరులో కట్టడం పనికి పోయాడు. ఇంట్లో భార్య సువార్తమ్మ ఒక్కతే ఉంది, నలభై ఐదేళ్ళ మనిషి, కూలికి పోతుంది. ఆ పూట గడప దగ్గర కూర్చుని శనగకాయలు ఒలుస్తోంది.

ఆ రెండిళ్ళ మధ్య మాటల్లేవని అంగడిలోనే చెప్పారు. నిజం వరద వచ్చిన రోజు దేవదానం భార్యాపిల్లలను, ఎద్దులను తోలుకుని మెట్ట ఎక్కేశాడు. తమ్ముడి తలుపు తట్టలేదు. వీధిలోంచి కేకేశాను, విని వస్తున్నారనుకున్నాను అంటాడు ఆయన. ఏ కేకా వినపడలేదంటారు వీళ్ళు. యాకోబు, సువార్తమ్మ చివరి నిమిషంలో మిద్దె ఎక్కి బతికారు. వాళ్ళ దగ్గరుండే ముసలి తల్లిని ఎక్కించలేకపోయారు. ఆమె అన్నదమ్ములిద్దరికీ తల్లే.

నేను నా అలవాటు ప్రశ్నే అడిగాను. ఆ సినిమా వచ్చేటప్పుడు నువ్వేం చేస్తున్నావమ్మా అని.

"సినిమా సూస్తాంటి" అంది.

మొదటి నుంచేనా అంటే మొదటి నుంచే అంది. తలాడించి తరవాతి ప్రశ్నకు పోబోయి ఆగిపోయాను. మొదటి నుంచి చూసిన మనిషికి అట్ట ఆనకట్ట కనిపించి ఉండాలి. పేర్లు పడటం, పాట రావడం చూసి ఉండాలి. మరి ఈమె కూడా మెట్ట ఎందుకు ఎక్కినట్టు?

"అది సినిమా అని నీకు తెలుసు కదా?"

ఆమె కాయలు ఒలవడం ఆపలేదు. "తెలుసు" అంది.

తరవాత తనే చెప్పింది. దేవదానం ఇంట్లో టీవీ చెడిపోయి ఉంది. ఆయనకు బొమ్మలు కనపడలేదు, గోడ అవతల నుంచి వార్తల ఆవిడ గొంతొకటే వినిపించింది. రోజూ వినే గొంతు. ఆయన లేచి నేరుగా వచ్చి ఈ తలుపు కొట్టాడు.

"తలుపు తీస్తి. 'లెయ్యమ్మా, నీళ్ళొస్తాండాయి, పా పా' అంటాండాడు. నా యెనక టీవీలో ఆ ఎనుము కొట్టుకపోతాంది. ఆయప్ప లోపలికి సూడలేదు. నేను టీవీ ఆపి ఎంబడే పోతి."

"సినిమా అని చెప్పకపోయావా?"

"ఎట్ల సెప్పేదక్కా. వచ్చినాడు గదా."

వాళ్ళిద్దరూ పరుగెత్తడం చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళను చూసి వీధిలోవాళ్ళు కదిలారు. అంత పని అవుతుందని తను అనుకోలేదంది. హుసేనమ్మ పడ్డప్పుడు నోరు తెరుద్దామనుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే హుసేనమ్మ ఇంటికి పోయి రొట్టెలు కాల్చి పెట్టి వస్తోంది. ఎందుకు చేస్తోందో ఆ ముసలామెకు తెలియదు.

"నిజం నీళ్ళకు రానోడు బొమ్మ నీళ్ళకు వచ్చినాడు. మెట్ట మీద నిలబడి నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెలీలే. ఈ మాట నీకొక్కదానికే సెప్తాండా."

సినిమా బాగుందా అని చివర్న అడిగాను, అడగకపోతే పని పూర్తికాదు కాబట్టి. శానా బాగుందక్కా, మళ్ళా ఎయ్యమను అంది. గోడకు అటు మనిషి వెయ్యొద్దంటాడు, ఇటు మనిషి వెయ్యమంటుంది. ఎమ్మిగనూరుకు తిరిగొచ్చే ఆటోలో కూర్చుని, నేను విన్నది ఒక సినిమా గురించేనా అని అనుమానం వచ్చింది.

శ్రీధర్ సార్ రాక

సువార్తమ్మ మాటను పక్కనపెట్టి, వీధి పరుగెత్తిందని, ముసలామె చెయ్యి విరిగిందని సార్‌కు చెప్పాను. వార్తల ముక్క తీసెయ్యాలని గట్టిగానే అన్నాను. ఆయన ఇంకోలా విన్నారు. ఊరే పరుగెత్తిందంటే అంత సహజంగా తీశామన్నమాట, వాళ్ళతో మాట్లాడించి చూపిస్తే ఎంత బాగుంటుంది అన్నారు. రెండు రోజుల్లో కెమెరామన్‌ను వెంటబెట్టుకుని కారులో వచ్చేశారు.

ఏం చెయ్యాలో నాకు పాలుపోలేదు. వద్దని ఆపడానికి సరైన కారణం నా దగ్గరున్నది ఒకటే, అది చెప్పకూడనిది. వాళ్ళను నేరుగా దేవదానం ఇంటికి తీసుకుపోకుండా ముందు హుసేనమ్మ ఇంటికి తీసుకుపోయాను.

ఆమె కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళు టీవీవాళ్ళని తెలిసి సంబరపడింది. ఒంటి చేత్తోనే టీ పెట్టబోతే నేను ఆపి పెట్టాను. ఆ సినిమా చూశారా అని సార్ అడిగారు. తన ఇంట్లో టీవీ లేదంది. ఒక్క సీనూ చూడలేదు. అందరూ పరుగెత్తుతుంటే పరుగెత్తింది, అంతే. తరవాత ఆమే సార్‌ను అడిగింది.

"నీళ్ళు వచ్చినాయా సార్, అందులో?"

వచ్చాయన్నారు సార్.

"అందరూ బతికినారా?"

సినిమాలో చాలామంది పోతారు. సార్ మాత్రం, బతికారమ్మా, అందరూ బతికారు అన్నారు. హుసేనమ్మ చాలా తృప్తిగా తలాడించింది.

బయటికొచ్చాక సార్ కెమెరాను కారులో పెట్టెయ్యమన్నారు. నన్ను ఆదోనిలో దింపడానికి పోతూ, ఎమ్మిగనూరు దాటాక, "సరోజగారూ, పైవాళ్ళకు నేనిప్పుడు ఏమని చెప్పాలి?" అని అడిగారు. నాకూ తెలియదన్నాను. పై అధికారుల గురించి మీరు చాలా వింటారు. తెలియదు అనే జవాబును తిట్టకుండా తీసుకున్నవాడే నా లెక్కలో మంచి అధికారి. ఆ రోజు ఆయన తీసుకున్నారు.

వార్తల ముక్కను పూర్తిగా తీసెయ్యడానికి పైవాళ్ళు ఒప్పుకోలేదట. అది వస్తున్నంతసేపూ ఇది కథ మాత్రమే అని తెర మీద పెద్దగా వెయ్యడానికి, ముందుగా మాటల్లో కూడా చెప్పించడానికి ఒప్పుకున్నారు. చాలామంది మళ్ళీ కావాలన్నారు కాబట్టి ఇంకో ఆదివారం తిరిగి వేశారు. ఉరుకుందప్పకు ముందుగానే కబురు చేశాను.

రెండో ఆదివారం

ఆ ముందు రోజు సువార్తమ్మ ఫోన్ చేసింది. దేవదానం బావ కూడా వచ్చి చూస్తాడట, నువ్వు రావాలక్కా అంది. తను ఇంత గందరగోళం ఎందుకు చేశాడో ఆయనే ఒకసారి చూడాలనుకున్నాడట. ఆమె గొంతులో భయం ఉంది. ఇట్లాంటి వాటికి పోవాలో వద్దో ఆఫీసు పుస్తకంలో ఉండదు. నేను పోయాను.

దేవదానం లోపలికి రాలేదు. గడప మీదే గొంతుక్కూర్చున్నాడు. వరద తరవాత ఆ ఇంటి గడప దగ్గర ఆయన కూర్చోవడం అదే మొదటిసారి అని తరవాత తెలిసింది. సువార్తమ్మ బొరుగులతో ఉగ్గాని చేసి ప్లేటులో పెట్టి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

సినిమా మొదలైంది. పేర్లు పడ్డాయి. పాట వచ్చింది. అట్ట ఆనకట్ట కనిపించింది. దేవదానం మొహం చిట్లించి టీవీ వైపు కొంచెం వంగాడు. ఇల్లంత బుడగలతో నీళ్ళు దూకాయి. గేదె ఒకసారి కొట్టుకుపోయింది. ఎవరూ నవ్వలేదు. తరవాత వార్తల ఆవిడ వచ్చింది, కింద పెద్ద అక్షరాలు వచ్చాయి. ఆమె గొంతు వినగానే ఆయన చెయ్యి గడప పట్టుకుంది. కథ అని తెలిసి కూడా లేవబోయాడు.

ఆవిడ చదవడం అయిపోయాక ఆయన టీవీ వైపు చూడటం మానేసి మరదలి వైపు తిరిగాడు.

"ఆ పొద్దు నేను తలుపు కొట్టినప్పుడు, నువ్వు ఇది సూస్తాంటివి కదమ్మా?"

సువార్తమ్మ చూపు నేల మీద ఉంది. "సూస్తాంటి బావా."

"మొదటి నుంచా?"

"ఊఁ."

ఆయన కోప్పడతాడనుకున్నాను. ఊరంతా తనను చూసి నవ్వుతుంటే ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు కదా ఈమె. లేచి పోతాడేమో అనుకున్నాను. ఏడుస్తాడని కూడా అనుకున్నాను. ఇన్నేళ్ళు జనం మొహాలు చూసి అభిప్రాయాలు కనుక్కున్నదాన్ని, ఆ మొహం మీద ఏముందో నాకు అంతుబట్టలేదు. ఆయన టీవీ వైపు తిరిగి ఉగ్గాని ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు. సినిమా అయిపోయేదాకా మెల్లగా తింటూ చూశాడు. పోతూ పోతూ ప్లేటు కడిగి గడప పక్కన బోర్లించాడు. బాగుందనలేదు, బాగలేదనలేదు. నేనూ అడగలేదు.

వాళ్ళు ఆ తరవాత కలిసిపోయారని రాస్తే మీకు హాయిగా ఉంటుంది. అట్లా ఏం జరగలేదు. పండగకు పిలుచుకోలేదు. యాకోబు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు అన్నతో పెద్దగా మాట్లాడిందీ లేదు. హుసేనమ్మ చెయ్యి అతుక్కుంది గానీ కొంచెం వంకరగా అతుక్కుంది. సువార్తమ్మ ఇప్పటికీ ఆమెకు రొట్టెలు చేసిపెడుతూనే ఉంది. ఆ సినిమా మంచి చేసిందా, చెడు చేసిందా అని ఎవరైనా అడిగితే నేను ఈ కథంతా చెబుతాను. ఇంతకంటే చిన్న జవాబు నా దగ్గర లేదు.

నేను దిగిపోయాక ఒక వానాకాలం సువార్తమ్మ నుంచి ఫోన్ వచ్చింది. ఎగువన బాగా వానలు పడి ఏరు పెరుగుతోందని, మెట్ట మీదికి పొమ్మని పొద్దున్నే ఆటోలో మైకు పెట్టి చెప్పించారట. దేవదానానికి ఈమధ్య చెవులు సరిగా వినపడటం లేదు. మైకు ఇంటి ముందు నుంచే పోయినా ఆయనకు తెలియలేదు. సువార్తమ్మ మూట కట్టుకుని, వీధిలోకి పోకుండా, ముందు ఆయన తలుపు కొట్టింది. ఆయన లేచొచ్చి, ఆమెను, ఆమె చంకలో మూటను చూసి అడిగాడట.

"సినిమానా, నిజమా?"

"ఏదైతే ఏమి బావా, నడువు" అందట ఆమె.

ఆయన ఇంకేమీ అడగకుండా చెప్పులేసుకుని ఆమె వెనక నడిచాడట. మెట్ట ఎక్కి ఇద్దరూ ఏటి వైపు తిరిగి నిలబడ్డాక, నీళ్ళు నిజంగానే వస్తున్నాయని అప్పుడు చూశాడట.